తార్నాక రాష్ట్ర ఆర్కైవ్స్‌లోని పాత పత్రాలు, మన ఇళ్లలోని పాత ఫోటోలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆర్కైవ్స్ అంటే మ్యూజియం లాంటిదేనా?

కాదు. మ్యూజియం వస్తువును చూపించడానికి దాచుతుంది. ఆర్కైవ్స్ ఒక కచేరీలో పని జరుగుతున్నప్పుడు పుట్టిన కాగితాలను, అవి పుట్టిన వరుసలోనే దాచుతుంది. ఫైలులో ఒక అర్జీ, దాని మీద పేష్కారు రాసిన నోటు, వెనకాల నకలు, చివర హుకుం ఉంటాయి. హుకుం ఒక్కటే బయటికి లాగితే అది అందమైన కాగితం ముక్క, అంతే. ఎవరు అడిగారు, ఎందుకు ఇచ్చారు అన్నది పక్క కాగితాల్లో ఉంటుంది. అందుకే అక్కడ బస్తా, అంటే గుడ్డలో కట్టిన కాగితాల మూట, విప్పినప్పుడు వరుస చెదరనివ్వరు.

హైదరాబాద్‌లో ఏది ఎక్కడ దొరుకుతుందో చాలామంది పొరబడతారు. నిజాం సర్కారు రికార్డులు, ఫర్మానాలు (రాజాజ్ఞలు), మొగలుల కాలపు కాగితాలు తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. తాళపత్రాలు, చేతిరాత గ్రంథాలకు ఉస్మానియా క్యాంపస్‌లోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి వెళ్లాలి. నాణేలు, శిల్పాలు, రాగి శాసనాలకు పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియం. బ్రిటిష్ రెసిడెన్సీ, అంటే నిజాం దగ్గరున్న బ్రిటిష్ ప్రతినిధి కచేరీ, రికార్డులు కావాలంటే ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్‌నే అడగాలి. వారి అభిలేఖ్ పటల్ పోర్టల్‌లో ఇంటి నుంచే కేటలాగు వెతకొచ్చు.

తార్నాకలో ఉన్న వాటిలో ముఖ్యమైనవి ఏమిటి?

అన్నిటికంటే పాతది 1406 నాటి ఫిరోజ్ షా బహమనీ ఫర్మానా. పరిశోధకులను దేశదేశాల నుంచి రప్పించేది మాత్రం షాజహాన్, ఔరంగజేబుల కాలపు దక్కన్ పాలనా పత్రాలు. లక్షా యాభై వేలకు పైగా ఉన్నాయి. ఢిల్లీలో, ఆగ్రాలో మొగలు దఫ్తరాలు చాలావరకు నాశనమయ్యాయి కాబట్టి మొగలు సైన్యం రోజువారీ ఎలా నడిచిందో తెలుసుకోవాలంటే ఇక్కడికే రావాలి.

ఒక్క ఉదాహరణ చాలు. అర్జ్-ఓ-చెహ్రా అనే పత్రంలో కొలువులో చేరిన సిపాయి రూపురేఖలు రాసేవారు: మేని రంగు, నుదురు వెడల్పు, కనుబొమ్మలు కలిశాయా విడిగా ఉన్నాయా, పుట్టుమచ్చ ఎక్కడ, గాయం మచ్చ ఎక్కడ. అతని గుర్రానికి కూడా రంగు, గుర్తులు, వేసిన వాత రాసేవారు. మంచి గుర్రాన్ని చూపించి నాసి గుర్రంతో పని కానివ్వకుండా, ఒకరి జీతం ఇంకొకరు తీసుకోకుండా ఈ ఏర్పాటు. కెమెరా రావడానికి రెండు వందల ఏళ్ల ముందటి ఫోటో గుర్తింపు కార్డు అనుకోవచ్చు. వీటితోపాటు జీతం ముట్టిన రసీదులు, రోజువారీ దర్బారు పద్దులు, పర్వానాలు (అధికారుల ఉత్తర్వులు) ఉన్నాయి.

తర్వాతివి అసఫ్ జాహీ కాలపువి: 1724 నుంచి దఫ్తర్-ఎ-దీవానీ (రెవెన్యూ కచేరీ) కాగితాలు, మొదటి సాలార్‌జంగ్ సంస్కరణల తర్వాత శాఖలవారీగా పెరిగిన సెక్రటేరియట్ ఫైళ్లు, జాగీరు, ఇనాం విచారణ రికార్డులు, జరీదాలు (ప్రభుత్వ గెజిట్లు).

నాకు ఫార్సీ రాదు, ఉర్దూ రాదు. వెళ్లి ఏం లాభం?

ఉర్దూ వచ్చినా పాత ఫార్సీ పత్రం చదవలేరు, అది ముందే తెలుసుకుని వెళ్లడం మంచిది. కచేరీ రాతంతా శికస్తా లిపి. అక్షరాలు విరిచి, చుక్కలు వదిలేసి, మాటకు మాట కలిపి రాస్తారు. పద్దుల్లోని అంకెలు అసలు అంకెల్లా ఉండవు. అరబీ సంఖ్యావాచకాలను కుదించి గీసిన సియాఖ్ గుర్తులవి. మరాఠీ కాగితాలు మోడీ లిపిలో ఉంటాయి. చదివించుకోవడానికి శికస్తా, సియాఖ్ రెండూ తెలిసిన మనిషి కావాలి. ఉర్దూ పండితుడిని తీసుకెళ్తే మొదటి పంక్తి దగ్గరే ఆగిపోతారు.

పంతొమ్మిదో శతాబ్దం చివర్లో కచేరీ భాష ఉర్దూ అయింది. ఆ తర్వాతి ఫైళ్లు కొంచెం సులువు. చివరి దశాబ్దాల ఫైళ్లలో ఇంగ్లిష్ నోట్లు కూడా బాగానే కనిపిస్తాయి.

ముద్రల విషయంలో ఒక జాగ్రత్త. ముద్రలో కనిపించే హిజ్రీ సంవత్సరం సాధారణంగా ఆ ముద్ర చెక్కించిన ఏడాది. పత్రం తేదీ అది కాదు. ఒకే ముద్రను అధికారి ఏళ్ల తరబడి వాడేవాడు. ముద్ర చూసి తేదీ వేస్తే పదేళ్లు, పదిహేనేళ్లు వెనక్కి పోతారు.

మా పూర్వీకుల ఇనాం భూమికి ముంతఖబ్ కాపీ కావాలి. ఎలా?

ఇక్కడికి వచ్చేవాళ్లలో చాలామంది ఇందుకే వస్తారు. ముంతఖబ్ అంటే ఇనాం విచారణ తర్వాత ఇచ్చిన నిర్ణయపు సంగ్రహం. ఎవరికి, ఏ ఊళ్లో, ఎంత, ఏ షరతు మీద ఇచ్చారో అందులో ఉంటుంది. గుడి సేవ, మసీదు సేవ, ఊరి పని లాంటి షరతు ఉంటే అదీ రాసి ఉంటుంది.

దరఖాస్తు రాసేముందు ఇవి సిద్ధం చేసుకోండి: ఇనాందారు పూర్తి పేరు, తండ్రి పేరుతో సహా, గ్రామం, అప్పటి తాలూకా, అప్పటి జిల్లా, సర్వే నంబరు, ముంతఖబ్ నంబరు, తేదీ తెలిస్తే అవి, మీ గుర్తింపు కార్డు, మీకూ ఆ పేరుకూ ఉన్న సంబంధానికి ఆధారం. రుసుములు మారుతుంటాయి, కౌంటర్లోనే అడగాలి.

వెతుకులాట ఎక్కువసార్లు విఫలమయ్యేది పాత పేర్ల దగ్గర. 1905కు ముందు కరీంనగర్ జిల్లా ఎలగందల్, నిజామాబాద్ ఇందూరు. హైదరాబాద్ చుట్టుపక్కల ఊళ్లు చాలా అత్రాఫ్-ఎ-బల్దా కింద, అంటే నిజాం సొంత ఎస్టేటైన సర్ఫ్-ఎ-ఖాస్ కింద ఉండేవి. పాయ్‌గాల (పెద్ద నవాబు కుటుంబాల ఎస్టేట్ల) కింద, గద్వాల, వనపర్తి లాంటి సంస్థానాల కింద ఉన్న ఊళ్ల కాగితాల దారి వేరు. ఇప్పటి మండలం, ఇప్పటి జిల్లా రాసి ఇస్తే ‘రికార్డు లభ్యం కాలేదు’ అని జవాబు వస్తుంది. అది లేదని కాదు, ఆ పేరు కింద లేదని. మీ ఊరి పాత పహాణీ మీదున్న తాలూకా పేరు చూసుకుని మళ్లీ అడగండి. ఉర్దూలో ఊరి పేరు ఎలా రాసేవారో కూడా తెలిస్తే ఇంకా మంచిది. ‘ట’, ‘త’ తేడాలతో, అచ్చు గుర్తులు లేకుండా రాయడంతో ఒకే పేరు రెండు మూడు రకాలుగా కనిపిస్తుంది.

సేత్వార్ (మొదటి సర్వే రిజిస్టరు), 1954–55 ఖాస్రా పహాణీ లాంటివి ఇక్కడ అడగకండి. వాటికి తహసీల్దార్ ఆఫీసు, కలెక్టరేటు, సర్వే శాఖ.

కాపీ చేతికొచ్చాక కూడా గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ధ్రువీకృత నకలు ‘ఇలాంటి పత్రం మా దగ్గర ఉంది’ అని మాత్రమే చెబుతుంది. భూమి ఇవాళ ఎవరిదన్నది జాగీర్ల రద్దు, ఇనాంల రద్దు చట్టాలూ, ఆ తర్వాతి రికార్డులూ, కోర్టులూ తేల్చాలి. ముంతఖబ్ చూపించి ఎవరైనా ప్లాటు అమ్మజూపితే, వాళ్ల చేతిలోని కాపీని నమ్మకండి. ఆర్కైవ్స్‌లో అసలు ఉందో లేదో, అందులో విస్తీర్ణం అంతే ఉందో లేదో సరిచూడకుండా బయానా ఇవ్వొద్దు.

ఫసలీ, హిజ్రీ సంవత్సరాలను ఇంగ్లిష్ సంవత్సరంలోకి ఎలా మార్చాలి?

ఫసలీ అంటే శిస్తు లెక్కల సంవత్సరం. దానికి 590 కలపండి. నిజాం రాజ్యంలో ఫసలీ ఏడాది ఆజూర్ నెలతో, అంటే అక్టోబరు మొదటి వారంలో మొదలయ్యేది. కాబట్టి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా 590, జనవరి నుంచి 591. జాగీర్ల రద్దు రెగ్యులేషన్ మీద 1358 ఫసలీ అని ఉంటుంది, వచ్చింది 1949 ఆగస్టులో: 1358కి 591 కలిపితే సరిపోతుంది. మద్రాసు ప్రెసిడెన్సీ ఫసలీ మాత్రం జూలై 1న మొదలవుతుంది. అందుకే ఒకే ఫసలీ నంబరు కింద వరంగల్ కాగితానికీ గుంటూరు కాగితానికీ కొన్ని నెలల తేడా వస్తుంది.

హిజ్రీ చాంద్రమానం, ఏడాదికి 354 రోజులే. 0.97తో గుణించి 622 కలపండి. 1300 హిజ్రీ అయితే 1261 ప్లస్ 622, 1883. అసలు లెక్కలో అది 1882 నవంబరు నుంచి 1883 దాకా. ఒక ఏడాది అటూఇటూ అవుతుంది, కోర్టుకు ఇచ్చే కాగితమైతే పూర్తి పట్టిక చూసి తేదీ వేయించండి.

చదివే గదిలో పద్ధతులు ఏమిటి?

పెన్సిల్ మాత్రమే. పెన్ను కారితే తుడవడం అసాధ్యం. విద్యార్థులు గైడు లేఖ తెచ్చుకోవాలి. కాగితం పట్టుకోవడానికి గ్లవ్స్ కన్నా కడిగి ఆరబెట్టుకున్న ఖాళీ చేతులే మేలు, గుడ్డ గ్లవ్స్‌తో అంచు తెలియక కాగితం చిరుగుతుంది. ఫోటోలు, నెగెటివ్‌లు, లోహపు వస్తువులకు మాత్రం నైట్రైల్ గ్లవ్స్ తప్పనిసరి. వేలి చెమటలోని ఉప్పు వెండి పొర మీద, రాగి మీద ముద్ర వేసి వదలదు. పేజీ తిప్పడానికి వేలు నాలుకకు తగిలించే అలవాటు ఉన్నవాళ్లు అక్కడ కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి.

మాది కోస్తా. మా రికార్డులు ఎక్కడ?

కోస్తా, రాయలసీమల పాత రికార్డు మద్రాసు ప్రెసిడెన్సీది, అందుకే చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్ చాలా ముఖ్యం. 1860ల ఇనాం ఫెయిర్ రిజిస్టర్లు (ఇనాం భూముల విచారణ పద్దులు), రీసెటిల్‌మెంట్ రిజిస్టర్లు (శిస్తు మళ్లీ నిర్ణయించిన పద్దులు) వెతికేవాళ్లు మొదట కలెక్టరేట్ రికార్డు రూములోనూ, ఆంధ్రప్రదేశ్ ఆర్కైవ్స్‌లోనూ అడిగి, తర్వాత చెన్నై వెళ్లాలి. ఊరి చరిత్ర కోసమైతే మెకంజీ కైఫియత్తులు (కాలిన్ మెకంజీ సేకరింపజేసిన గ్రామ చరిత్రలు) చూడండి.

ఇంట్లో పాత ఫోటో ఉంది. ఏ కాలానిదో ఎలా తెలుస్తుంది?

రెండు దారులు: కాగితాన్ని చూడటం, బొమ్మలోని వస్తువులను చూడటం. రెండూ కలిస్తేనే నమ్మండి.

పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం తీసుకోండి. పల్చని కాగితం మందపాటి అట్టకు అతికి ఉండి, తెల్లగా ఉండాల్సిన చోట్లు పసుపు తిరిగి, భూతద్దంలో కాగితపు పీచు కనిపిస్తే అది ఆల్బుమెన్ ప్రింటు. గుడ్డు తెల్లసొన పూసిన కాగితం. ఎక్కువగా 1895కు ముందుది. పీచు కనిపించకుండా నున్నగా ఉండి, నల్లటి భాగాల అంచుల్లో వెండిలా నీలం మెరుపు తేలితే జెలటిన్ ప్రింటు, ఇరవయ్యో శతాబ్దంలో మనిళ్లలో ఎక్కువగా ఉన్నది ఇదే. వెనక ప్లాస్టిక్‌లా జారుతూ ఉంటే ఎక్కువగా 1970ల నుంచి వచ్చినది.

ఇక బొమ్మ. చార్మినార్ మీద గడియారాలు 1889లో పెట్టారు. గడియారం లేని చార్మినార్ ఫోటో అంతకుముందుది, ఉంటే ఆ తర్వాతది. మొజంజాహీ మార్కెట్ గోపురం కనిపిస్తే 1935కు అటూఇటూ మొదలుపెట్టి లెక్కించాలి. మూసీ ఒడ్డున కూలిన ఇళ్లు కనిపిస్తే 1908 సెప్టెంబరు 28 వరద గుర్తుకు రావాలి. ఊళ్లలోని ఫోటోలకు కరెంటు స్తంభం, రేడియో, సైకిలు, చీర కట్టు, మెళ్లో నగలు పనికొస్తాయి. కానీ నగ మీద మాత్రం తేదీ వేయకండి, అది తాతమ్మదీ కావచ్చు. స్టూడియోలో కట్టించిన కోటుదీ అదే సంగతి, అద్దెకు ఇచ్చేవారు.

పేర్లు తెలిసిన పెద్దవాళ్లు ఉండగానే రాయించుకోండి. ఎడమ నుంచి కుడికి, నిలబడినవాళ్లు, కూర్చున్నవాళ్లు అని వరుసగా. పాత కాగితపు ఫోటో అయితే అద్దం మీద బోర్లా పెట్టి, వెనక అంచున 2బి పెన్సిల్‌తో మెల్లగా రాయొచ్చు. బాల్‌పెన్నుతో రాస్తే గీత ముందువైపు ఉబ్బుతుంది, ఏళ్లు గడిచాక సిరా కూడా దిగుతుంది. ప్లాస్టిక్ వెనక ఉన్న ప్రింటు మీద పెన్సిల్ పట్టదు, కవరు మీద రాయండి.

ఫోటో అట్ట మీద రాజా దీన్‌దయాళ్ పేరుంది. ఆయన తీసినదేనా?

స్టూడియో పేరు అంటే మనిషి పేరు కాదు. దీన్‌దయాళ్ ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ దగ్గర ఆస్థాన ఛాయాచిత్రకారుడు, 1905లో పోయారు. 1908 వరద ఫోటో మీద ఆ పేరు కనిపిస్తే తీసినది కొడుకుల స్టూడియో. ఆయన బతికున్నప్పుడు కూడా సికింద్రాబాద్, బొంబాయి స్టూడియోల్లో పనివాళ్లు తీసినవి చాలా ఉన్నాయి. ఆ స్టూడియో గాజు నెగెటివ్‌లు 2,800కు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి, పోల్చి చూడటానికి అది మంచి చోటు. అట్టను మాత్రం ఫోటో నుంచి వేరు చేయకండి, చిరునామా, పతకాల బొమ్మలు, నంబరు అన్నీ దాని మీదే ఉంటాయి.

గోడకు తగిలించిన ఫోటో అద్దానికి అంటుకుపోయింది.

లాగొద్దు. తేమకు జెలటిన్ మెత్తబడి, ఆరినప్పుడు అద్దాన్ని పట్టేసింది. లాగితే మొహాలు అద్దం మీదే ఉండిపోతాయి. వెనక ప్లైవుడ్ తీసేసి, అద్దంతోపాటే స్కాన్ చేయండి. అద్దం బయటివైపు శుభ్రంగా తుడిచి, దీపం మెరుపు పడకుండా కెమెరాతో తీసినా సరే. విడదీయడం కన్జర్వేటర్ (పాత వస్తువులను బాగుచేసే నిపుణుడు) పని.

ఇలా కాకుండా ఉండాలంటే ఫోటోకూ అద్దానికీ మధ్య అట్ట చట్రం, అంటే మౌంటు పెట్టించండి. తడి గోడకు, వానగాలి కొట్టే గోడకు తగిలించొద్దు. పెద్దల పటాలకు బొట్టు పెట్టేటప్పుడు అద్దం మధ్యలో పొడి కుంకుమ సరిపోతుంది. నీళ్లు, నూనె కలిపితే అంచు సందులోంచి లోపలికి దిగి, ఫోటో మీద తీయలేని ఎర్ర మరక అవుతుంది. మంచిది ఏమిటంటే, అసలు ఫోటో పెట్టెలో పెట్టి, దాని కాపీని పటం కట్టించడం. పూజ దానికి చేసుకోవచ్చు.

పాత దస్తావేజును లామినేషన్ చేయిస్తే పోదు కదా?

అదే దాని చివరి రోజు. జిరాక్స్ షాపు లామినేషన్‌లో వేడికి కరిగిన జిగురు కాగితం పీచులోకి దిగుతుంది. ఆ తర్వాత ఎవరూ దాన్ని క్షేమంగా విప్పలేరు, లోపలి ఆమ్లం మాత్రం లోపలే ఉండి కాగితాన్ని పెళుసు చేస్తుంటుంది. కాగితాన్ని పాలిస్టర్ కవరులో, ఒక వైపు తెరిచి, పెట్టడం చాలు. వాసన వచ్చే మెత్తటి పీవీసీ కవర్లు వద్దు. సెలోటేపు వద్దు, కొన్నేళ్లకు జిగురు పసుపు రంగులో మిగిలి, టేపు ఊడిపోతుంది. చిరుగుకు పల్చని జపాన్ టిష్యూ, పిండి నుంచి తీసిన స్టార్చి జిగురు వాడతారు, అది నేర్చుకున్నవాళ్లు చేయాలి. పాత ఫార్సీ పత్రాల నల్ల సిరా చాలావరకు మసి, జిగురు కలిపినది. తడి గుడ్డతో తుడిస్తే అక్షరాలు గుడ్డకు వచ్చేస్తాయి.

కలరా ఉండలు ఫోటోల పెట్టెలో వేయకండి. వాటి ఆవిరి మనకూ మంచిది కాదు, పురుగును పూర్తిగా ఆపదు. వేపాకు పచ్చిది వేస్తే తేమ, మరక. ఉతికి గంజి పూర్తిగా పోగొట్టిన తెల్ల నూలు గుడ్డలో చుట్టి, నేల నుంచి కనీసం ఆరంగుళాల ఎత్తున, గోడకు ఆనించని బీరువాలో పెట్టండి. గంజి ఉంటే సిల్వర్‌ఫిష్‌కు విందు. గదిలో తేమ 65 శాతం దాటితే బూజు మొదలవుతుంది, 45 నుంచి 55 మధ్య ఉంటే నిశ్చింత. తేమ మీటరు ఒకటి కొని లోపల పెట్టండి. తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం వాడితే, రంగు మారినప్పుడు తీసి వేడి చేసి మళ్లీ పెట్టాలి, మారిన తర్వాత అది ఉన్నా లేనట్టే.

గాజు నెగెటివ్‌లు, పాత ఫిల్ములు దొరికాయి.

గాజు ప్లేట్లను పడుకోబెట్టి పేర్చకండి, కింది ప్లేటు పగులుతుంది. ఒక్కోటి కాగితంలో చుట్టి, పొడవు అంచు మీద నిలబెట్టండి. మెరుపు లేని వైపే బొమ్మ పొర, దాన్ని ముట్టుకోవద్దు. ఫిల్ము అంచున ‘సేఫ్టీ’ అని ఉంటే చాలావరకు ఎసిటేట్, వెనిగర్ వాసన వస్తే కుళ్లడం మొదలైందని, మిగతావాటి నుంచి వేరు చేయాలి. ఆ మాట లేకుండా 1950ల ముందటి ఫిల్మైతే నైట్రేట్ కావచ్చు. అది సులువుగా అంటుకుంటుంది, నీళ్లు పోసినా ఆరదు. ఎండలో, వంటింటి అటక మీద ఉంచకుండా వెంటనే నిపుణులకు చెప్పండి.

వరద నీళ్లలో ఆల్బం తడిసింది.

మీకున్న గడువు 48 గంటలు, ఆ తర్వాత బూజు. ఒకదానికొకటి అంటుకోకముందే విడదీసి, బురద ఉంటే చల్లటి మంచినీళ్లలో మెల్లగా ఊపి, బొమ్మ పైకి ఉండేలా పరిచి నీడలో ఆరబెట్టండి. ఎండ, హెయిర్ డ్రయ్యర్ వద్దు, అంచులు చుట్టుకుపోతాయి. అన్నీ ఒక్కరోజులో చేయలేకపోతే మధ్యలో మైనపు కాగితం వేసి, ప్లాస్టిక్ సంచిలో ఫ్రీజర్‌లో పెట్టి, తర్వాత కొన్నికొన్ని తీసి ఆరబెట్టొచ్చు. గాజు ప్లేట్లను మాత్రం నానబెట్టొద్దు, ఫ్రీజర్‌లో పెట్టొద్దు. ముందుగా వాటినే ఆరబెట్టండి.

తాటాకు కట్టలు, రాగి రేకులు?

గంటంతో గీసిన తాటాకు పెళుసెక్కితే నిమ్మగడ్డి నూనె దూదితో పల్చగా రాసి మెత్తబరుస్తారు. సిరాతో పైపైన రాసినదానికీ, రంగు బొమ్మలున్నదానికీ నూనె తగలనివ్వొద్దు. ఆకుల వరుస మారిస్తే గ్రంథం చెడుతుంది, విప్పేముందు ప్రతి ఆకు ఎడమ అంచు నంబరు ఫోటో తీసుకోండి.

రాగి రేకును చింతపండుతో తోమొద్దు. పులుపు పైపొరతోపాటు సన్నని గీతలనూ తినేస్తుంది. లేత పచ్చ పొడి రాలుతుంటే తేమకు లోహం తినుకుపోతోందని అర్థం, పొడిగా ఉన్న డబ్బాలో సిలికా జెల్‌తో ఉంచి చూపించండి. రేకులను కలిపిన కడియం, దాని మీది ముద్ర కోయకండి, శాసనం ఎవరిదో చెప్పేది చాలాసార్లు ఆ ముద్రే. చదివించడానికి మైసూరులోని పురావస్తు సర్వే శాసన విభాగం ఉంది. పొలంలో, పునాదిలో దొరికినవైతే 1878 నాటి నిధి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి.

స్కానింగు ఎంత రెజల్యూషన్‌లో?

ఫోటోలు 600 డీపీఐ, అరచేతి కన్నా చిన్నవి 1200, కాగితాలు 400. టిఫ్ ఫైలుగా దాచి, పంపడానికి జేపెగ్ కాపీ చేసుకోండి. ఆరంగుళాలు ఎనిమిదంగుళాల రంగు ఫోటో 600లో దాదాపు 52 ఎంబీ అవుతుంది, డిస్కు ఆ లెక్కన కొనుక్కోండి. వెనకవైపు కూడా స్కాన్ చేయాలి. కుట్టిన రిజిస్టరును స్కానర్ మీద అదిమితే వెన్ను విరుగుతుంది, పై నుంచి కెమెరా, రెండు పక్కల 45 డిగ్రీల్లో దీపాలు పెట్టి తీయండి. వాట్సాప్‌లో పంపిన ఫోటోను అసలు కాపీగా లెక్కించొద్దు. మూడు కాపీలు, రెండు రకాల పరికరాల్లో, ఒకటి వేరే ఊళ్లో.

మా ఇంటి కాగితాలు ఆర్కైవ్స్‌కు ఇవ్వొచ్చా?

ఇవ్వొచ్చు. ముందు ఉత్తరం రాసి, జాబితా జతచేయండి. ఏరి మంచివే ఇవ్వాలనుకోకండి, పద్దు పుస్తకం, ఉత్తరం, పెళ్లి పత్రిక కలిసి ఉన్న పెట్టె విడి ఫోటో కన్నా విలువైనది. ఎవరెవరు చూడొచ్చు, అచ్చు వేయొచ్చా, స్కాన్ కాపీ మీకిస్తారా అన్నవి రాతపూర్వకంగా తీసుకోండి. రసీదు లేకుండా ఏ సంస్థకూ వదిలి రావొద్దు.

అమెరికాలో ఉన్న మా అబ్బాయి తాతగారి తాళపత్రాలు తీసుకెళ్తానంటున్నాడు.

1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన కళాఖండాలు, 75 ఏళ్లు దాటి చారిత్రక, సాహిత్య విలువ ఉన్న చేతిరాత ప్రతులు, పత్రాలు ఎవరి సొంతమైనా విదేశాలకు తీసుకెళ్లడం నేరం. ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు ఉంది. విమానాశ్రయంలో పట్టుబడితే వస్తువూ పోతుంది. పూర్తి స్కాన్ ఇచ్చి పంపండి, తాటాకులు ఇక్కడే ఏదైనా గ్రంథాలయంలో తాతగారి పేరు మీద నమోదు చేయించండి. ఇంటి మామూలు ఫోటోల ఆల్బంకు ఈ ఇబ్బంది రాదు. నూరేళ్లకు దగ్గరపడిన స్టూడియో ప్రింట్లుంటే మాత్రం టికెట్ కొనేముందే పురావస్తు సర్వే వారిని అడిగి, అది పురావస్తువు కాదన్న ధ్రువపత్రం తీసుకోండి.